నిద్రపోని కావలివాడు

పిల్లలూ! మారాం చేసే పసివాళ్ళు కొందరు, అడిగింది చేతికి రాకపోతే, ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగపడతారు. మొహం కందగడ్డ అవుతుంది, పెదవులు నల్లబడతాయి. తల్లి హడలిపోయి ఆ బొమ్మో, ఆ బిళ్ళో తెచ్చి ఇచ్చేస్తుంది. పసివాడు గెలుస్తాడు. నిజానికి ఆ తల్లి అంతగా హడలవలసిన పని లేదు. గట్టు మీద కూర్చుని, కేవలం పట్టుదలతో ఊపిరి బిగపట్టి ప్రాణం తీసుకోవటం ఎవరి తరమూ కాదు. మహా అయితే పసివాడికి ఒక క్షణం స్పృహ తప్పుతుంది; తప్పిన మరుక్షణం ఊపిరి దానంతట అదే ఆడటం మొదలుపెడుతుంది. తరచుగా ఇట్లా అయ్యే బిడ్డను ఒకసారి డాక్టరుకు చూపించటం మంచిదే అనుకోండి, అది వేరే సంగతి.

మీరే పరీక్ష చేసి చూడండి. కుర్చీలో కూర్చుని, ఎప్పటిలాగే రెండు మూడుసార్లు ఊపిరి తీసి వదిలి, ఆ తరవాత బిగపట్టి గడియారం చూడండి. నిలబడి చెయ్యవద్దు. నీళ్ళల్లో అసలే చెయ్యవద్దు. ఎందుకో తరవాత చెబుతాను. మొదటి పది పదిహేను సెకండ్లు ఏమీ తెలియదు. ఇరవై దాటేసరికి గొంతులో ఏదో ఇబ్బంది. ముప్ఫై, నలభై అయ్యేసరికి పొట్ట తనంతట తాను ఎగిరెగిరి పడుతుంది. ఆపైన ఎంత పళ్ళు బిగించినా లాభం లేదు. నోరు తెరుచుకుంటుంది, గాలి బుస్సున లోపలికి వస్తుంది.

"ఇంకొంచెం పట్టాలి" అనుకున్నది మీరే గదా! మరి నోరు తెరిచినది ఎవరు?

మీ ఒంట్లోనే, మీ మాట ఒక హద్దు దాకా విని ఆపైన వినని కావలివాడు ఒకడున్నాడన్నమాట. వాడి గది ఎక్కడో కూడా చెప్పవచ్చు. తల వెనక, పుర్రె మెడతో కలిసే పల్లంలో చెయ్యి పెట్టి చూడండి. ఆ చోటికి సూటిగా లోపల, పెద్దమెదడు కింద, వెన్నుపాము మొదలయ్యే చోట, పువ్వు కింద కాడలాగా ఒక భాగం ఉంది. దాన్ని మెదడు కాండం అంటారు. ఆ కాండంలో అన్నిటికన్నా కిందిది మెడుల్లా. పొడవు మూడు సెంటీమీటర్లు, అంటే మీ బొటనవేలి మొదటి కణుపంత. పెద్దమెదడు లెక్కలు చేస్తుంది, పద్యాలు గుర్తుపెట్టుకుంటుంది, రాత్రి కాగానే నిద్రపోతుంది. ఈ కాడ మాత్రం మీరు పుట్టిన రోజున పని మొదలుపెట్టి ఈ క్షణం వరకూ ఒక్క పూట సెలవు తీసుకోలేదు.

వాడి పని ఎంతో చూడండి. పెద్దవాళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. బడిపిల్లలకు ఇంకా కాస్త ఎక్కువ. పురిటిబిడ్డ నిమిషానికి నలభైసార్లు తీసినా ఆశ్చర్యం లేదు. మన పెద్దలు పూర్వం మనిషికి రోజుకు 21,600 ఊపిర్లు అని లెక్కకట్టారు. నిమిషానికి పదిహేను చొప్పున గుణించి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది! ఈ లెక్క మీకు వదిలిపెడితే, పాపం, బంతాట మధ్యలోనే మరిచిపోతారు.

ఈ కావలివాడి గదిని మొదట కనిపెట్టినవాడు లెగల్వా అనే ఫ్రెంచి డాక్టరు. 1811 ప్రాంతంలో ఆయన కుందేళ్ళ మీద పరీక్షలు చేశాడు. పెద్దమెదడు తీసివేసినా కుందేలు ఊపిరి పీలుస్తూనే ఉంది. మెడుల్లాలో ఒక చిన్న చోటు దెబ్బతిన్నదంటే మాత్రం ఊపిరి ఆ క్షణాన ఆగిపోయింది. ఆ తరవాత ఫ్లూరాన్స్ అనే మరొక ఫ్రెంచివాడు ఆ చోటుకు "ప్రాణపు ముడి" అని అర్థం వచ్చే పేరు పెట్టి, అది గుండుసూది తలకన్నా పెద్దది కాదన్నాడు. అంత చిన్నది అనటం అతిశయోక్తే, కాని చోటు మాత్రం అదే.

ఇక అసలు ప్రశ్న. కావలివాడు సరే, వాడు దేనికి కావలి కాస్తున్నాడు?

"ఇది కూడా అడగాలా? ప్రాణవాయువు కోసం! అది తగ్గగానే ఊపిరి తియ్యమంటాడు" అని మీరు వెంటనే అంటారు. నూరుమందిని అడిగితే తొంభైమంది ఇదే అంటారు. న్యాయంగా చూస్తే అట్లాగే ఉండాలి కూడా. కాని అట్లా లేదు.

గాలిలో నూటికి 21 పాళ్ళు ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్. మనం లోపలికి పీల్చిన గాలి బయటికి వచ్చేసరికి అది 16 పాళ్ళకు తగ్గుతుంది. దాని బదులు, పీల్చేటప్పుడు లేశమాత్రంగా ఉన్న కార్బన్ డయాక్సైడు విడిచేటప్పుడు 4 పాళ్ళు అవుతుంది. మనం తిన్న అన్నం ఒంట్లో కాలగా వచ్చిన పొగ ఇదే అనుకోండి. సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తేట పాలలాగా తెల్లబడటం మీ సైన్సు మాస్టారు చూపించే ఉంటారు. ఈ వాయువుకు మన పాత తెలుగు పుస్తకాలవాళ్ళు చక్కని పేరు పెట్టారు: బొగ్గుపులుసు వాయువు. పేరు చూసి నవ్వకండి, ఆ పులుసుతో మనకు ముందు పని పడుతుంది.

ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. గనుల్లోకీ, మురికికాలవల్లోకీ, ఇరుకు ఇళ్ళల్లోకీ పోయి అక్కడి గాలి సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించటం ఆయనకు పని. చెడుగాలి మనిషిని ఏం చేస్తుందో తెలియాలంటే ఆయన ఎలుకను వెతకలేదు, తానే పీల్చాడు. 1890 తరవాత ఒకటి రెండేళ్ళలో ఆయనా, లోరెయిన్ స్మిత్ అనే స్నేహితుడూ కలిసి మనిషి పట్టేటంత పెట్టె ఒకటి చేయించారు. తలుపు వేస్తే లోపలికి గాలి చొరదు. అందులో గంటల తరబడి కూర్చుని, విడిచిన గాలినే మళ్ళీ పీలుస్తూ ఉండేవారు. లోపల బొగ్గుపులుసు వాయువు పెరిగింది, ప్రాణవాయువు తగ్గింది. కూర్చున్నవాడు ఊరికే కూర్చుని కూడా పరుగెత్తి వచ్చినవాడిలాగా వగర్చసాగాడు. తల పగిలిపోతున్నట్టు నొప్పి.

రెండింటిలో ఏది వగర్పుకు కారణం? హాల్డేన్ చేసిన యుక్తి తేలికైనది. పీల్చే గాలి ఒక రకం సున్నం గుండా పోయేటట్టు చేశాడు. సున్నం బొగ్గుపులుసు వాయువును మింగేస్తుంది. ప్రాణవాయువు జోలికి పోదు. ఈసారి ప్రాణవాయువు బాగా తగ్గినా వగర్పు అంతగా రాలేదు. మొహం మాత్రం నీలంగా తిరిగింది. అంటే ప్రమాదం వచ్చి మీద పడుతున్నా కావలివాడు కేక వెయ్యటం లేదు! వాడు చూస్తున్నది వచ్చే సరుకును కాదు, పోవలసిన చెత్తను.

ఇది బాగా ఆలోచించవలసిన సంగతి. మీ ఇంట్లో బియ్యం ఎంత ఉన్నాయో అమ్మ డబ్బా మూత తీసి చూడదు, చెత్తబుట్ట ఎంత నిండిందో చూసి చెబుతుంది అనుకోండి. వింతగా లేదూ? అయినా మామూలు రోజుల్లో ఆ లెక్క తప్పదు. ఎంత వండితే అంత తొక్కు. ఒంట్లో ఎంత ప్రాణవాయువు ఖర్చయితే దాదాపు అంత బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఒకదాన్ని కనిపెట్టి ఉంటే రెండోది తెలిసినట్టే. పైగా ఈ చెత్త చాలా సూక్ష్మంగా కొలతకు దొరుకుతుంది.

ఎంత సూక్ష్మమో 1905లో హాల్డేన్, ప్రీస్ట్లీ అనే మరొకరితో కలిసి చూపించాడు. పొడుగాటి రబ్బరు గొట్టంలోకి ఊపిరి అంతా ఒక్కసారిగా ఊది, చివర వచ్చిన గాలిని పట్టేవారు. అది ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి అన్నమాట. ఆ గాలిలో బొగ్గుపులుసు వాయువు వేసే ఒత్తిడి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అంకె; సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసమంత. తమాషా ఏమంటే, ఆ మనిషి ఎక్కడికి పోయినా ఆ అంకె దాదాపు మారదు. వాళ్ళు 1,345 మీటర్ల ఎత్తున్న బెన్ నెవిస్ కొండ ఎక్కి చూశారు, కార్న్‌వాల్‌లో డాల్‌కోత్ అనే లోతైన తగరపు గనిలోకి దిగి చూశారు. పైన గాలి పలచన, కింద చిక్కన. అయినా ఊపిరితిత్తుల అడుగున ఉన్న బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. ఆ గాలిలో ఈ వాయువు నూటికి 0.2 పాలు పెరిగితే చాలు, మనిషి పీల్చే గాలి రెట్టింపు అవుతుంది! బంగారం తూచే కంసాలి త్రాసు కూడా ఇంత సుకుమారం కాదేమో.

ఇప్పుడు పులుసు సంగతి. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే కొంచెం పుల్లనవుతుంది. గోలీసోడా తాగినప్పుడు నాలుక చురుక్కుమంటుందే, అది ఈ పులుపే. రక్తంలో ఈ వాయువు పెరిగినప్పుడు మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి కూడా అది చొరబడుతుంది. రక్తానికీ, మెదడుకూ మధ్య గట్టి కట్టడి ఉంది. రక్తంలో ఉన్న పులుపు నేరుగా దాన్ని దాటలేదు. కాని వాయువు గోడ ఉన్నదో లేదో అన్నట్టు దాటిపోతుంది, దాటి అవతల మళ్ళీ పుల్లనవుతుంది. మెడుల్లా అడుగున, పైపొరకు దగ్గరగా, ఈ పులుపును రుచి చూడటమే పనిగా కొన్ని నాడీకణాలు ఉన్నాయి. కాస్త పులుపెక్కిందా, "గట్టిగా ఊదు, ఊది పారెయ్యి!" అంటాయి. పులుపు తగ్గిందా, "ఇక మెల్లిగా" అంటాయి. ఇదంతా మీకు తెలియకుండా, మీరు ఈ పేజీ చదువుతుండగానే జరుగుతున్నది.

పులుపే అసలు సంకేతమని రుజువు చేసినవాళ్ళలో హాల్డేన్ కొడుకు కూడా ఒకడు. ఇతని పేరు జె.బి.ఎస్. హాల్డేన్. ఇతను చిన్నవాడుగా ఉన్నప్పుడు తండ్రి గనిలోకి తీసుకుపోయి, చావిడి కప్పు దగ్గర మండేగాలి పోగుపడి ఉన్న చోట నిలబెట్టి, షేక్స్పియరు నాటకంలోని ఉపన్యాసం ఒకటి అప్పగించమన్నాడట. కుర్రవాడు నాలుగు మాటలు చెప్పి వగర్చి, కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. పడగానే తేరుకున్నాడు, ఎందుకంటే నేల దగ్గర మంచి గాలి ఉంది! మండేగాలి తేలిక, కప్పుకు అంటుకుని ఉంటుందని ఆ కుర్రవాడికి ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఇట్లాంటి తండ్రి చేతిలో పెరిగినవాడు పెద్దయి ఏం చేశాడంటే, కళాయి వేసేవాళ్ళు వాడే నవాసాగరం నీళ్ళల్లో కలుపుకుని తాగాడు. అది ఒంట్లోకి పోయి ఆమ్లంగా మారి రక్తాన్ని పుల్లగా చేసింది. బొగ్గుపులుసు వాయువు పెరగకపోయినా మనిషి రోజుల తరబడి వగరుస్తూనే ఉన్నాడు. మీరు ఇట్లాంటి పని చేశారంటే మీ అమ్మ నన్ను క్షమించదు, నేను మిమ్మల్ని క్షమించను.

ఈ హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో చనిపోయాడు. బతికినంతకాలం తన ఒంటినే ప్రయోగశాలగా వాడుకున్న మనిషి, పోయిన తరవాత కూడా దాన్ని వృథా పోనివ్వలేదు. ఆయన కోరిక ప్రకారం, విద్యార్థులు చదువుకోవటానికి ఆయన శరీరాన్ని మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చారు.

పులుపు చూసేవాళ్ళ సంగతి తెలిసింది. మరి "లోపలికి, బయటికి, లోపలికి, బయటికి" అని తాళం వేసేది ఎవరు? 1991లో అమెరికాలోనూ, జర్మనీలోనూ పనిచేస్తున్న కొందరు శాస్త్రజ్ఞులు పసి ఎలుక మెదడు కాండం నుంచి పల్చని ముక్క కోసి, పోషకద్రవంలో ఉంచారు. ఒళ్ళు లేదు, ఊపిరితిత్తులు లేవు, పీల్చటానికి గాలీ లేదు. అయినా ఆ ముక్క నుంచి ఊపిరి తాళం వస్తూనే ఉంది! మృదంగం వాయించేవాడు కచేరీ అయిపోయి అందరూ లేచిపోయినా వాయిస్తూ కూర్చున్నట్టు. ఆ చోటికి ప్రీ-బోట్సింగర్ అని పేరు. నోరు తిరగని ఈ పేరు ఏ మహాపండితుడిదో అనుకునేరు. అంతకు ముందు, 1978లో, జర్మనీలో ఒక సమావేశంలో, పక్కనున్న మరొక చోటికి పేరు పెట్టవలసి వచ్చి, ఫెల్డ్‌మన్ అనే ఆయన భోజనాల బల్ల మీద ఉన్న ద్రాక్షసారాయి సీసా వంక చూశాడు. సీసా మీద రాసి ఉన్న పేరు బోట్సింగర్. అదే ఖాయమైపోయింది. సైన్సులో పేర్లు పుట్టే తీరు ఒక్కొక్కసారి ఇట్లాగే ఉంటుంది.

ఈ తాళం మెడలో వెన్నుపాము దాకా దిగి, అక్కడి నుంచి ఒక నరం వెంట ఉదరవితానానికి చేరుతుంది. ఉదరవితానం అంటే రొమ్ముకూ, పొట్టకూ మధ్య గొడుగులాగా పరిచి ఉన్న కండరం. అది కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది. ఇందాక ఊపిరి బిగపట్టినప్పుడు మీ పొట్ట ఎగిరిపడింది చూశారూ, అది ఆ గొడుగే. కావలివాడు దాన్ని లాగుతున్నాడు, మీరు గొంతు మూసి ఆపుతున్నారు.

అయితే ప్రాణవాయువును చూసేవాడు అసలు ఎవడూ లేడా అంటే, ఉన్నారు, ఇద్దరు. మెడకు రెండు వైపులా, తలకు రక్తం తీసుకుపోయే ధమని రెండుగా చీలే చోట, బియ్యపు గింజంతటి ముద్దలు ఒక్కొక్కటి ఉన్నాయి. బెల్జియం దేశపు హేమాన్స్ వీటి పని బయటపెట్టినందుకు 1938 సంవత్సరపు నోబెల్ బహుమానం పొందాడు. నవాసాగరం తాగిన హాల్డేన్ రక్తంలో పులుపును పసిగట్టినది కూడా ముఖ్యంగా ఇవే. కాని ప్రాణవాయువు విషయంలో ఇవి ఆలస్యంగా మేలుకుంటాయి; బాగా తగ్గితే గాని గట్టిగా అరవవు. హిమాలయాలు ఎక్కేవాళ్ళు ఊరికే కూర్చుని వగర్చటం వీటి పుణ్యమే. మనకు, ఇక్కడ కింద ఉన్నవాళ్ళకు, పెత్తనమంతా పులుపు చూసేవాడిదే.

ఇప్పుడు నీళ్ళల్లో ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఇది మాత్రం పిల్లలతోపాటు పెద్దవాళ్ళు కూడా చదవాలి.

వేసవి సెలవుల్లో బావుల్లో, చెరువుల్లో మునకల పందేలు వేసుకుంటారు గదా. ఎవడు ఎక్కువసేపు మునిగి ఉంటాడు, ఎవడు అడుగుకు పోయి గుప్పెడు మన్ను తెస్తాడు అని. ఇందులో ఆరితేరిన వాడొకడు మిగిలినవాళ్ళకు ఒక చిట్కా చెబుతాడు: "మునగబోయే ముందు గబగబా ఇరవైసార్లు నిండుగా ఊపిరి తీసి వదులు, అప్పుడు ఎంతసేపైనా ఉండగలవు." వాడు చెప్పేది అబద్ధం కాదు, నిజంగానే ఎక్కువసేపు ఉండవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

గబగబా పీల్చినందువల్ల ప్రాణవాయువు నిలవ పెరిగిందనుకుంటున్నారు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే బండ్లు మామూలుగానే నూటికి 97, 98 నిండి ఉంటాయి. నిండిన బండిలో ఇంకేం వేస్తారు? పెరిగింది స్వల్పం. తగ్గింది మాత్రం చాలా ఉంది: బొగ్గుపులుసు వాయువు సగానికి సగం కూడా పడిపోవచ్చు. అంటే మీరు చేసినదల్లా కావలివాడి చెత్తబుట్టను ఖాళీ చెయ్యటం. వాడు బుట్ట చూసి, "ఇంకా నిండలేదు, కంగారు లేదు" అని తీరిగ్గా కూర్చుంటాడు. అడుగున ఈదుతున్న కుర్రవాడికి ఏ ఇబ్బందీ తెలియదు. ఇంకొంచెం ఉందాం, ఇంకొంచెం ఉందాం అనుకుంటాడు. ఈలోగా ప్రాణవాయువు అయిపోతుంది. బుట్ట నిండి కేక వినపడే లోపలే పెద్దమెదడు దీపం ఆరినట్టు ఆరిపోతుంది. పెనుగులాట లేదు, చేతులు కొట్టుకోవటం లేదు. గట్టు మీద ఉన్నవాళ్ళు వాడు ఇంకా పందెంలోనే ఉన్నాడనుకుంటారు.

ఆ తరవాత కావలివాడు తన పని తాను చేస్తాడు. మారాం చేసిన పసివాడి నోరు తెరిపించి బతికించినవాడే, ఇక్కడ కూడా నోరు తెరిపిస్తాడు. నోటి ముందు ఉన్నది గాలా, నీళ్ళా అని వాడికి తెలియదు.

1961లో అమెరికాలో ఆల్బర్ట్ క్రెయిగ్ అనే డాక్టరు, నీళ్ళ అడుగున ఈదుతూ స్పృహ తప్పినవాళ్ళ సంగతులు పోగుచేసి దీన్ని గురించి రాశాడు. వాళ్ళు ఈత రానివాళ్ళు కారు, బాగా వచ్చినవాళ్ళు. ముందుగా గబగబా ఊపిరి తీసినవాళ్ళు, ఏదో ఒక హద్దు చేరాలని పంతం పట్టినవాళ్ళు. అందుచేత ఈదండి, మునగండి, కాని ఊపిరి పందేలు వెయ్యవద్దు. మునిగే ముందు ఆ చిట్కా అసలే వద్దు. గట్టున ఈత వచ్చిన పెద్దవాడు ఒకడు, మునిగిన తల మళ్ళీ పైకి తేలేదాకా చూపు తిప్పకుండా ఉండాలి.

కావలివాణ్ణి ఏమార్చే దొంగ మరొకడున్నాడు. చలికాలంలో కొందరు బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులూ, కిటికీలూ మూసి పడుకుంటారు. గాలి చాలక బొగ్గు సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, పులుపూ లేదు. ప్రాణవాయువు ఎక్కవలసిన బండ్లను ఇది ఆక్రమించుకుంటుంది. ఒకసారి ఎక్కితే అంత తేలికగా దిగదు. బొగ్గుపులుసు వాయువు పెరగదు గనక మెడుల్లాలోని వాడు ఊరుకుంటాడు. రక్తపు నీటిలో కరిగి ఉన్న కాసిని ప్రాణవాయువు తగ్గదు గనక మెడలోని ఇద్దరూ ఊరుకుంటారు. వగర్పు లేదు, కొంచెం తలనొప్పి, ఆపైన నిద్ర. గనుల్లో ఈ వాయువు ఎట్లా చంపుతుందో తేల్చి చెప్పినవాడు కూడా పెద్ద హాల్డేనే. చిన్న ప్రాణులు మనకన్నా ముందు సొమ్మసిల్లుతాయి గనక గనుల్లోకి వాటిని తీసుకుపొమ్మన్నాడు. అందుకే బ్రిటన్ గనుల్లో 1986 దాకా పంజరాల్లో కానరీ పిట్టలు ఉండేవి. మన ఇంట్లో పిట్ట లేదు. కుంపటి ఆరుబయట ఉండటమే మేలు.

ఇక పాడుపడ్డ బావులు. బొగ్గుపులుసు వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు గనక, ఏళ్ళ తరబడి ఎవరూ దిగని బావి అడుగున నీళ్ళలాగా నిలిచి ఉంటుంది. ఇక్కడ మన కావలివాడు పొరపడడు. గట్టిగానే కేక వేస్తాడు. కాని వాడి కేక విని ఎంత గట్టిగా పీల్చితే అంత ఎక్కువగా ఆ వాయువే లోపలికి వస్తుంది. అది నూటికి పది పాళ్ళు మించితే కొద్ది నిమిషాల్లో స్పృహ పోతుంది. ఇంకా చిక్కగా ఉంటే నాలుగైదు ఊపిర్లు చాలు. పూర్వం లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే లోపలికి దిగకూడదన్న మాట నిజమే. ఆరకపోతే దిగవచ్చునన్న మాట నిజం కాదు. దీపాన్ని ఆర్పకుండా మనిషిని ఆర్పే వాయువులు వేరే ఉన్నాయి, దీపం తగిలి భగ్గుమనేవీ ఉన్నాయి. గాలిని కొలిచే పరికరాలు ఇప్పుడు ఉన్నాయి, బావి దిగవలసిన పని పడితే అవి ఉన్నవాళ్ళనే పిలవాలి.

ఇట్లాంటి బావిలో ఒకడు పడిపోతే, వాణ్ణి తీద్దామని అన్నో తమ్ముడో వెంటనే దిగుతాడు. వాడూ తిరిగి రాడు. ఇద్దరి కోసం మూడోవాడు దిగుతాడు. దిగే ముందు ఎవరికీ ఏమీ కనపడదు; అడుగున ఉన్న గాలి పైన ఉన్న గాలిలాగే ఉంటుంది. మీరు అక్కడ ఉంటే చెయ్యవలసిన పని కేకలు వేసి పెద్దవాళ్ళను పిలవటం, దిగబోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపటం, ఫైరు స్టేషనుకు 101, అంబులెన్సుకు 108 ఫోను చేయించటం. వాళ్ళు వచ్చేటప్పుడు తమ గాలి తామే సిలిండరులో తెచ్చుకుంటారు.